కొంగ నడక

పెళ్ళిపీటల మీద అయ్యగారు కలిపి పట్టించినదాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, హర్షవర్ధన్ తన భార్య చెయ్యి మొదటిసారి పట్టుకున్నది పెళ్ళయిన పాతికేళ్ళకు. అదీ వికారాబాదు గుట్ట మీద, పట్టపగలు, పిక్కలదాకా చల్లటి నీళ్ళలో నిలబడి, పడిపోతానేమోనన్న భయంతో.

వందన ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత సంగతి కాదు కూడా. మొగుడు చెయ్యి పట్టుకున్నాడంటే వినేవాళ్ళు నవ్విపోతారు. కానీ ఆ తర్వాత జరిగినదంతా తలుచుకున్నప్పుడు ఆమె మనసు ఎటు తిరిగినా ఆ నీళ్ళ దగ్గరికే వచ్చి ఆగేది, గుంజకు కట్టేసిన దూడలాగా.

వాళ్ళది తాండూరు. యాలాల్ పోయే దారిలో హర్షవర్ధన్‌కూ అతని తమ్ముడు వినయ్‌కూ నాపరాళ్ళ పాలిషింగు మిల్లు ఉంది. తండ్రి కందుల వ్యాపారం చేశాడు. కొడుకులు పప్పు వదిలి రాయి పట్టుకున్నారు. హర్షవర్ధన్ మాటలు తక్కువ మనిషి. బేరంలో కూడా ధర ఒక్కసారే చెప్పేవాడు. బండ నునుపు తేలిందో లేదో తెలుసుకోవడానికి కళ్ళను నమ్మేవాడు కాదు, బొటనవేలితో దాని ముఖం మీద మెల్లగా రాసి చూసేవాడు. భార్యను ఏనాడూ కోప్పడలేదు, కొట్టలేదు, అడిగింది లేదనకుండా తెచ్చాడు. కొత్తలో వందనకు అతని మౌనం ఒంటి మీద మంటలాగే ఉండేది. అన్నం తింటూ ఒక్కసారి తలెత్తి తనవైపు చూస్తే చాలని కూరలో కావాలని ఉప్పు ఎక్కువ వేసిన రోజులున్నాయి. అతను ఇంత పెరుగు పోసుకొని కలుపుకొని తిని లేచిపోయేవాడు. తర్వాత సింధుజ పుట్టింది, పెరిగింది, పెళ్ళయి సేడం వెళ్ళిపోయింది. ఆ మంట ఎప్పుడు ఆగిపోయిందో వందనకు గుర్తులేదు. ఆగిపోయింది కాబట్టి మానిపోయిందనే అనుకుంది.

అతని అరికాళ్ళలో మంటలు మొదలైంది మాత్రం రెండేళ్ళ కింద. చక్కెర జబ్బు వచ్చి చాలా కాలమైంది. బిళ్ళలు వేసుకునేవాడు, పెళ్ళిళ్ళ రోజుల్లో మరిచిపోయేవాడు. పొద్దుగూకితే పాదాల కింద ఎవరో కుంపటి పెట్టినట్టు ఉండేదట. గోరింటాకు పెట్టారు, వెన్న రాశారు, హైదరాబాదు నుంచి మందులు తెప్పించారు. చివరికి పాలిష్ పట్టిన బండ ఒకటి మంచం పక్కన వేయించుకొని దాని మీద పాదాలు ఆనించి కూర్చునేవాడు. అప్పుడే సింధుజ మామగారు చెప్పాడు, వికారాబాదు గుట్ట మీద ప్రకృతి వైద్యం చేసే ఆశ్రమం ఉందని, పొద్దున్నే చల్లటి నీళ్ళలో నడిపిస్తారని, తన మోకాళ్ళ నొప్పులు అక్కడే పోయాయని.

ఆశ్రమంలో చిన్న వయసు డాక్టరమ్మ ఒకామె వివరాలన్నీ అడిగింది. చక్కెర జబ్బు అని చెప్పగానే తల ఎత్తింది.

"పాదాలకు స్పర్శ బాగానే ఉందా అండీ? తిమ్మిరి గానీ, మొద్దుబారినట్టు గానీ?"

"మంటలతోటి సస్తున్నమ్మా," అన్నాడు హర్షవర్ధన్. "స్పర్శ లేకుంటే మంటెట్ల తెలుస్తది?"

ఆమె ఇంకేదో అడగబోయింది. అతను అప్పటికే లేచాడు. వందనకు కూడా ఆ మాట సబబుగానే తోచింది. కాలేదాన్ని చల్లార్చాలి. అందులో ఇంక విచారణ ఏముంటుంది?

నీళ్ళ దగ్గర రాహేలమ్మ ఉంది. చెట్ల మధ్య పొడుగ్గా కట్టిన తొట్టిని పొద్దున్నే కడిగి, బావినీళ్ళు నింపి, వచ్చినవాళ్ళను దింపి నడిపించడం ఆమె పని.

"సార్, చెప్పులు ఈడ ఇడ్వుండ్రి. అమ్మా, చీరె జర పైకి దోపుకో. సిగ్గువడకు, ఈడ చూసేటియి కోతులే. కొంగను చూసిన్రా ఎన్నడన్న?"

"చూడకేం," అంది వందన.

"గది ఎట్ల నడుస్తది? కాలు పూరా నీళ్ళల్లకెళ్ళి పైకి లేపుతది, నీళ్ళు కారినంక మల్ల పెడ్తది. గట్ల నడువాలె. బర్రె లెక్క నీళ్ళు నూకుకుంట పోవద్దు. జర్మనీ దేశంల ఫాదరుగారు ఒకాయన కనిపెట్టిండట ఈ వైద్యం. ఆయన బర్రెలను చూసి కనిపెట్టలే, కొంగను చూసి కనిపెట్టిండు."

"ఎంతసేపు నడువాలె?" అడిగాడు హర్షవర్ధన్.

"దీనికి గడియారం లేదు సార్. ముందుగాల సల్లగుంటది. మల్ల కరుస్తది. కరిచిందంటే ఇగ ఎక్కి రావాలె, అంతే. మొగతనం చూపిద్దామని నిలవడితే మంచిది కాదు. ఎక్కినంక తుడుసుకోవద్దు, కాళ్ళు దులుపుకొని ఉన్ని మేజోళ్ళు తొడుక్కొని జర సేపు తిరగాలె. లోపలకెళ్ళి ఎచ్చగ వస్తది, సూడున్రి."

వందన ముందు దిగింది. గుట్టలోంచి ఊరిన నీళ్ళు. చలి పిక్కల మీదుగా వెన్నులోకి పాకి, నోట్లోంచి ఒక చిన్న కేక బయటికి వచ్చింది. వెనక రాహేలమ్మ నవ్వింది. హర్షవర్ధన్ ఏ చప్పుడూ లేకుండా దిగాడు. ఒక కాలు కొంగలాగా పైకెత్తాడు. ఎత్తగానే తూలాడు. ఒంటికాలి మీద అతని శరీరం ఎటు నిలబడాలో తెలియనట్టు ఊగింది. పక్కకు చాచిన చెయ్యి గాలిలో తడుముకొని వందన చేతిని పట్టుకుంది.

ఆమె అతను నిలదొక్కుకోగానే వదిలేస్తాడనుకుంది. వదలలేదు. తొట్టి ఆ చివరిదాకా వెళ్ళారు, తిరిగి వచ్చారు. అతని బొటనవేలు ఆమె చేతి వెనక మెల్లగా కదిలింది, అటు ఒకసారి, ఇటు ఒకసారి. ఆ కదలిక ఆమెకు తెలుసు. ఇన్నేళ్ళూ బండల మీద చూసింది.

"సల్లగున్నదా?" అని అడిగింది, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

అతను ఆమె ముఖంలోకి చూశాడు. వెంటనే చూపు తిప్పుకోలేదు. కళ్ళు, పెదవులు, దవడ, అన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. అప్పుడు చెప్పాడు:

"ఆఁ. మస్తు సల్లగున్నది."

నలభై ఎనిమిదేళ్ళ ఆడమనిషి, బిడ్డ పెళ్ళి చేసిన మనిషి, ఆ చూపుకు సిగ్గుతో తలొంచుకుంది.

కొన్నాళ్ళు అక్కడే ఉన్నారు. ప్రతి పొద్దునా అదే నడక. నీళ్ళు కరవడం మొదలైన క్షణం వందన పళ్ళు బిగించేది, పైకి ఏమీ అనేది కాదు. అప్పుడే, సరిగ్గా అప్పుడే, అతను "కరుస్తున్నది, పోదాం పా" అనేవాడు. ఒక్కరోజు కూడా తప్పలేదు. ఆమెకు అది వింతగా ఉండేది. పాతికేళ్ళు ఒక కప్పు కింద ఉండి కలవని రెండు ఒళ్ళకు నీళ్ళలో ఒకే లెక్క కుదిరిందనుకుంది. సంతోషం అంటే ఇది కాదేమో, ఇంత చిన్నదాన్ని పట్టుకొని సంతోషం అంటే ఎవరైనా ఒప్పుకుంటారా అని తనను తానే అడిగేది. అడుగుతూనే రేపటి పొద్దు కోసం ఎదురుచూసేది.

మంటలు తగ్గుతున్నాయన్నాడు. తాండూరు వచ్చాక ఇంటి వెనక, బోరింగు పక్కన, సొంతంగా తొట్టి కట్టించాడు. తన మిల్లులోని నీలం బండలే తెప్పించి, పాలిష్ పెట్టని గరుకు ముఖం పైకి వచ్చేలా పరిపించాడు. వినయ్‌కు అది నచ్చలేదు.

"అన్నా, మన ఇంట్లనే రఫ్ బండలా? మంది నవ్వుతరు. మనకు రాయి కోసుడొచ్చు, ఇంటికి పాలిష్ పెట్టుడు రాదంటరు."

"పాలిష్ బండ మీద నీళ్ళుంటే మీ వదిన జారిపడ్తది."

అంత మాత్రమే అని అతను బండల మధ్య సున్నపు చారలు చూసుకుంటూ వెళ్ళిపోయాడు. వందన వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఆ మాట విన్నది. స్టవ్ మీద పాలు పొంగిపోయాయి.

తాండూరు బోరు నీళ్ళు గుట్ట నీళ్ళంత చల్లగా ఉండవు. సోడా బండి అతని దగ్గర మంచు దిమ్మ తెప్పించి తొట్టిలో వేసేవారు. అత్తగారు సావిత్రమ్మ వసారాలో పీట వేసుకొని కూర్చొని ఆ తమాషా చూసేది.

"ఏందే వందనా, ఎండకాలం బర్రెల లెక్క పొద్దుగాల లేస్తే నీళ్ళల్లనే ఉంటున్రు మొగుడు పెండ్లాలు! మా కాలంల గిట్ల చేతులు పట్టుకొని తిరిగితే ఊరుకుందురా?"

"కాళ్ళ మంటలకు అత్తమ్మా."

"కాళ్ళకు మంటైతే చేతులెందుకు పట్టుకుంటరే?"

హర్షవర్ధన్ తల్లి మాట విననట్టే ఉండేవాడు. చెయ్యి మాత్రం వదిలేవాడు కాదు. ముసలామె దెప్పిపొడుపులో కోపం లేదని వందనకు తెలుసు. ఒకరోజు ఆమె కూడా పీట మీదినుంచి లేచి వచ్చి, ఎవరూ చూడటం లేదనుకొని, ఒక పాదం ఆ నీళ్ళలో పెట్టి వెంటనే తీసుకుంది.

శ్రావణం వచ్చింది. వరలక్ష్మి వ్రతం నాడు వందన పాదాలకు పసుపు రాసుకొని చుట్టూ ఎర్రగా పారాణి దిద్దుకుంది. "ఇయ్యాల నీళ్ళల్ల వద్దు, పారాణి పోతది" అంది. హర్షవర్ధన్ అప్పటికే తొట్టి దగ్గర ఉన్నాడు. ఊరికే నిలబడ్డాడు, ఒక చెయ్యి కొంచెం పక్కకు చాచి. ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకొని దిగింది.

నీళ్ళు కరిచాయి. ఎక్కి వచ్చారు. అతను కాళ్ళు దులుపుకొని, తొట్టి గట్టు మీద కూర్చొని, మేజోళ్ళు తొడుక్కున్నాడు. తడి అడుగులు బండ మీద జంటలు జంటలుగా పడి ఉన్నాయి, ఆమెవి చిన్నవి, అతనివి పెద్దవి. పెద్ద అడుగుల్లో కుడి మడమ దగ్గర ఒక ఎర్రటి మరక ఉంది. వందన వంగి చూసింది. తన పారాణి నీళ్ళలో కరిగి అతని పాదానికి అంటుకుందనుకుంది. ఆమెకు నవ్వొచ్చింది. పెళ్ళినాడు ఇద్దరి కాళ్ళకూ పారాణి పెట్టిన సంగతి గుర్తొచ్చింది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకొని, చెంబుతో నీళ్ళు పోసి ఆ మరక కడిగేసింది.

మర్నాడు కూడా కొంచెం ఎరుపు కనిపించింది. పారాణి రెండు మూడు రోజులు వదలదు కదా అనుకుంది.

తర్వాత వారం ముసురు పట్టి తొట్టి నడక ఆగింది, అతను మేజోళ్ళు విప్పనే లేదు. ఇంట్లో వాసన మొదలైంది.

"ఎలుక సచ్చింది ఎక్కడనో," అంది సావిత్రమ్మ. "బియ్యం బస్తాల ఎనుక సూడుండ్రి."

బస్తాలు జరిపారు. పాత్రల అటక దింపారు. వినయ్ మిల్లు నుంచి ఇద్దరిని పంపితే వాళ్ళు దేవుడి గది తప్ప అన్ని గదులూ దులిపారు. ఎలుక దొరకలేదు. దొరకని ఎలుక గదులు మారుతోంది. పొద్దున వసారాలో ఉంటుంది, అన్నాల వేళకు వంటింట్లోకి వస్తుంది, మధ్యాహ్నం ముందు గదిలో ఉంటుంది.

"గిది సచ్చిన ఎలుకనా, తిరిగే ఎలుకనా?" అని ముసలామె చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

ఆ మాటకు వందన చేతిలోని చీపురు ఆగింది. ముందు గదిలో హర్షవర్ధన్ పేపరు చదువుకుంటున్నాడు. ఆమె వెళ్ళి అతని ముందు నేల మీద కూర్చుంది. కుడికాలి మేజోడు పట్టుకొని లాగింది. అది ఒకపట్టాన ఊడిరాలేదు. ఊడి వచ్చినప్పుడు దానితోపాటు వచ్చినదాన్ని ఆమె చూసింది. మడమ కింద, లోతుగా, నల్లగా. తొట్టిలో బండ ఎక్కడో పెచ్చు లేచి ఉంటుంది. గరుకు ముఖం పైకి ఉన్న బండ పెచ్చు కత్తి అంచులా ఉంటుంది. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికంటే బాగా తెలిసినవాడు అతనే.

హర్షవర్ధన్ పేపరు దించాడు. తన కాలివైపు చూడలేదు. ఆమె ముఖంలోకి చూశాడు.

"ఏమైంది?" అని అడిగాడు.

వికారాబాదులో డాక్టరు అరుణ్‌కుమార్ గాయాన్ని చూసి వెంటనే హైదరాబాదు తీసుకుపొమ్మన్నాడు. చీటీ రాసి ఇచ్చేముందు, మంచిగా ఉన్న ఎడమకాలిని కూడా చూస్తానన్నాడు.

"కండ్లు మూసుకోండి సార్. ఈ ప్లాస్టిక్ దారంతోటి మీ పాదాన్ని అక్కడక్కడ ముట్టుకుంట. ముట్టినట్టు తెలిసినప్పుడల్లా 'ఆఁ' అనండి. అంతే."

హర్షవర్ధన్ కళ్ళు మూసుకున్నాడు. డాక్టరు బొటనవేలి కింద దారం ఆనించాడు. దారం వంగింది. హర్షవర్ధన్ ఏమీ అనలేదు. చిటికెన వేలి దగ్గర ఆనించాడు. ఏమీ అనలేదు. డాక్టరు చెయ్యి వెనక్కి తీసుకొని, ఊరికే, దారం గాలిలో పట్టుకొని ఆగాడు.

"ఆఁ," అన్నాడు హర్షవర్ధన్.

డాక్టరు మళ్ళీ పాదం మధ్యలో ముట్టుకున్నాడు. హర్షవర్ధన్ కనురెప్పలు సన్నగా విడివడ్డాయి. అతని చూపు డాక్టరు వైపు పోలేదు, తన కాలివైపు పోలేదు. గోడ పక్కన నిలబడిన వందన మీదికి వచ్చింది.

"ఆఁ," అన్నాడు.

"అమ్మా, మీరు జర ఆ తలుపు అవతలకు నిలబడండి," అన్నాడు డాక్టరు, విసుగు లేకుండా. "సారు మిమ్మల్ని చూసి చెప్తున్నరు. పరీక్షల పక్కపిల్లగాని పేపరు చూసి రాసినట్టు."

వందన బయటికి వచ్చింది. కారిడార్‌లో బల్ల ఉంది, కూర్చోలేదు. లోపలినుంచి 'ఆఁ' అనే మాట ఇంకో రెండుసార్లు వినిపించింది. మునుపటిలా ఒకే గొంతు. తొట్టిలో "మస్తు సల్లగున్నది" అన్న గొంతు. కళ్ళు, పెదవులు, దవడ, అన్నీ ఒక్కొక్కటిగా చూసి అప్పుడు చెప్పిన మనిషి. ఆమె పళ్ళు బిగించిన క్షణమే "కరుస్తున్నది" అన్న మనిషి. రెండు ఒళ్ళు ఒక లెక్కకు రాలేదు. ఒక్క ఒళ్ళే ఉంది ఆ నీళ్ళలో, తనది. అతను దాన్ని చూసి బతికాడు.

డాక్టరు బయటికి వచ్చాక ఆమె అడిగింది.

"నీళ్ళల్ల నడిచినంక మంటలు తగ్గినయ్ సార్. ఆయనే చెప్పిండు. అందుకే మేము..."

"మంటలు తగ్గుడు నిజమే కావచ్చమ్మా. నరం చచ్చేటప్పుడు మండుతది. చచ్చినంక మంట ఎక్కడిది?" అని ఆయన ఒక క్షణం ఆగాడు. "దెబ్బ ఎన్నడు తగిలింది? మీకేమన్న ఎరుకనా?"

వరలక్ష్మి వ్రతం నాడు అని చెప్పింది. పారాణి సంగతి చెప్పలేదు. డాక్టరుకు దానితో పనిలేదు. అది ఆమె ఒక్కతే ఉంచుకోవలసింది. ఎర్ర మరక మీద చెంబుతో నీళ్ళు పోస్తూ, పైట చెంగు అడ్డం పెట్టుకొని నవ్వుకున్న ఆ ఒక్క నిమిషం. జన్మలో తాను అంత తేలికగా నవ్వుకున్న నిమిషాలు ఇంకెన్ని ఉన్నాయని వెతుక్కుంటే ఒక్కటీ దొరకలేదు.

హైదరాబాదులో కాలు మోకాలి కిందినుంచి తీసేశారు.

ఇంటికి వచ్చేసరికి దసరా వెళ్ళిపోయింది. హర్షవర్ధన్ ముందు గదిలో మంచం మీద కూర్చొని గోడవైపు చూసేవాడు. నడవడానికి నాలుగు కాళ్ళ వాకరు ఒకటి ఇచ్చారు. దాన్ని ముందుకు పెట్టి, రెండు చేతులతో గట్టిగా పట్టుకొని, మిగిలిన కాలితో దాని దగ్గరికి గెంతాలి. రెండు చేతులూ దానికే కావాలి. వందన పక్కనే నడిచేది, పడిపోతే పట్టుకోవడానికి. ఆమె చేతులు ఖాళీగా ఉండేవి. వాటిని ఏం చెయ్యాలో తెలియక ఒకదానితో ఇంకొకటి పట్టుకొని నడిచేది.

అతను ఆమె ముఖంలోకి చూడటం మానేశాడు. ఇప్పుడు నేలను చూడాలి, వాకరు కాలు ఎక్కడ పడుతుందో చూడాలి. అన్నం తింటూ తలెత్తడు. ఇంట్లో పాత మౌనమే మళ్ళీ వచ్చి దాని చోట అది కూర్చుంది. కానీ వందనకు ఇప్పుడు అది మునుపటిలా మొద్దుగా లేదు. పాతికేళ్ళ కిందటి మంట, కూరలో ఉప్పు ఎక్కువ వేసినప్పటి మంట, మళ్ళీ పైకి లేచింది. మానలేదన్న మాట. తనలో మాత్రం నరం చావలేదు, ఊరికే పడుకుంది.

ఒకరోజు వినయ్ వంటింటి గుమ్మంలో నిలబడి మెల్లగా అడిగాడు.

"వదినా, ఎనుక గా తొట్టి తీసేపిద్దామా? మిల్లు కాడ మనుషులు ఖాళీగనే ఉన్నరు. అన్న చూస్తే పరేషానైతడు."

"ఉండనియ్యి," అంది.

"ఎందుకు వదినా ఇంకా?"

వందన బియ్యంలో నీళ్ళు పోసింది.

కార్తీకంలో ఒక పొద్దున, సావిత్రమ్మ గుడికి పోయిన వేళ, వందన తొట్టి కడిగింది. బండలన్నీ అరచేత్తో తడిమింది. కుడి వైపు మూల దగ్గర పెచ్చు చేతికి తగిలింది. దాని మీద గోనెపట్టా మడిచి వేసి, పైన రాయి పెట్టింది. బోరింగు కొట్టి నీళ్ళు నింపింది. మంచు అక్కర్లేకపోయింది, చలి అప్పటికే మొదలైంది.

వాకరు చప్పుడు వినిపించింది. హర్షవర్ధన్ వెనక తలుపు దాటి వచ్చి, గట్టు పక్కన బండ మీద కూర్చున్నాడు. వాకరును ముందు పెట్టుకొని దాని పిడులు పట్టుకొనే ఉన్నాడు.

"నీళ్ళెందుకు పెట్టినవ్?"

"ఊకెనే."

వందన నీళ్ళవైపు తిరిగే అడిగింది, ఆస్పత్రి కారిడార్ నుంచి మోసుకు తిరుగుతున్న మాటను.

"గుట్ట మీద, మొదటి దినం సుత తెల్వలేదా మీకు?"

"మొదటి దినం జర తెలిసినట్టే ఉండె. తర్వాత తెల్వలే."

"మరి సల్లగున్నది, సల్లగున్నది అంటుంటిరి."

"నీ మొఖం చూస్తే తెలుస్తుండె."

"తెలుస్తలేదని ఒక్క మాట చెప్తే ఏం పోతుండె?"

"చెప్తే నడక బందు పెడ్తుంటివి గద."

"పెడ్తే? కాలు ఉంటుండె గదనయ్యా!" గొంతు ఆమెకు తెలియకుండానే పైకి లేచింది. "నడుస్తుంటిరి గద ఇయ్యాల!"

అతను తల వంచుకున్నాడు. అతని బొటనవేలు వాకరు పిడి మీద, రబ్బరు తొడుగు మీద మెల్లగా కదిలింది, అటు ఒకసారి, ఇటు ఒకసారి.

వందన ఆ వేలిని చూసింది. చీర కుచ్చిళ్ళు దోపుకొని నీళ్ళలోకి దిగింది.

చలి పిక్కలు పట్టుకుంది. ఈసారి కేక రాలేదు. ఒక కాలు పూర్తిగా పైకెత్తి, నీళ్ళు కారనిచ్చి, మళ్ళీ పెట్టింది. పట్టుకోవడానికి ఏమీ లేదు, చేతులు రెండూ గాలిలో చాచి నిలదొక్కుకోవలసి వచ్చింది. ఆ చివరిదాకా వెళ్ళి తిరిగింది. తిరిగినప్పుడు కనిపించింది: హర్షవర్ధన్ తల ఎత్తాడు. ఆమె ముఖంలోకి చూస్తున్నాడు. కళ్ళు, పెదవులు, దవడ. ఆస్పత్రి నుంచి వచ్చాక ఇదే మొదటిసారి.

ఆమె ఆ చివరికీ ఈ చివరికీ నడిచింది. నీళ్ళు కరవడం మొదలైంది. ముందు మడమలు, తర్వాత ఎముకలు. పళ్ళు బిగించకూడదనుకుంది. బిగించలేదు. ముఖం బండలా పెట్టుకొని నడిచింది.

"బయటికి రా," అన్నాడు అతను. "కరుస్తున్నది నీకు."

"లేదు."

"నాకు తెలుస్తున్నది. రా."

"నాకేం తెలుస్తలేదు," అంది వందన, మరో కాలు పైకెత్తుతూ. కళ్ళ నీళ్ళు దవడల మీదుగా జారి తొట్టిలో పడుతున్నాయి, వాటిని తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

అతను వాకరును ముందుకు జరిపాడు, లేవబోయాడు, లేవలేక మళ్ళీ కూర్చున్నాడు. ఒక చెయ్యి పిడి వదిలి ఆమె వైపు చాచాడు. గట్టు నుంచి తొట్టి మధ్యకు ఆ చెయ్యి అందదు. అందదని ఇద్దరికీ తెలుసు. అయినా దించలేదు.

"రా," అన్నాడు మళ్ళీ.

చూపు ఆమె ముఖం మీదినుంచి తిప్పలేదు. అతను తిప్పనంతసేపూ ఆమె నీళ్ళలోంచి రాలేదు.